సీసం తీసేసిన తలుపు

1986లో నేను బాపట్లలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. తెనాలి నుంచి రోజూ రైల్లో వెళ్లేవాణ్ణి. బడి చదువు సగంలోనే ఆగింది. ఈ పని చూసీ, చదివీ నేర్చుకున్నదే. ఎక్స్‌రే గది తలుపు చెక్కల మధ్య సీసం రేకు ఉంటుంది. కిరణాలు బయటికి రాకుండా ఆపేది అదే. ఆ బరువుకు మా తలుపు నేలకు రాసుకునేది.

వారం సెలవు తర్వాత వెళ్లి ఎప్పట్లా రెండు చేతులతో నెట్టాను. తలుపు విసురుగా పోయి గోడకు కొట్టుకుంది. దానిలో ఆ బరువు లేదు. వరండాలో బల్ల బాగుచేస్తున్న వడ్రంగిని పిలిచాను.

"బందులు ఎన్నిసార్లని మార్చనండీ? లోపల రేకు తీసేశా. ఇప్పుడు చిటికెన వేలితో కదులుద్ది, చూడండి," అన్నాడు, నేను మెచ్చుకుంటానని.

"రేకేదయ్యా?"

"సూర్యలంకలో చేపలు పట్టేవాళ్లు పట్టికెళ్లారండి. ఈపాటికి కరిగించి వలలకి గుండ్లు కట్టేసుంటారు."

ఆ తలుపు పక్కనే స్టూలు మీద కూర్చుని రోగుల్ని పిలిచేది ఆయా మరియమ్మ. ఆమెకు ఐదో నెల. నేను లేని వారమంతా డాక్టరుగారే ఎక్స్‌రేలు తీశారు.

ఆమెను అవతలికి పంపేశాను. స్టూలు మీద క్యాసెట్, అంటే ఫిలిం ఉండే చదునైన పెట్టె, నిలబెట్టి దానికి తాళంచెవి అంటించాను. తలుపు మూసి, లోపల మిషన్ వేసి, ఫిలిం కడిగాను. తలుపు దాటొచ్చిన కిరణాలకు నల్లబడిన ఫిలిం మధ్య తాళంచెవి తెల్లగా తేలింది. తడి ఆరకముందే దాన్ని డాక్టరుగారి దగ్గరికి పట్టుకెళ్లాను.

డాక్టరుగారు ఫిలిం చూసి, "స్టూలు జరిపించు, చాలు," అన్నారు.

"వరండాలో వచ్చేపోయేవాళ్లని ఎక్కడికి జరుపుదామండీ? తలుపుకు సీసం ఉండాలని అణుశక్తి వాళ్ల రూలుంది కదండీ."

"రూలు బొంబాయిలో ఉంటుందయ్యా. అక్కణ్ణుంచి ఇక్కడికెవరొస్తారు?"

నిజమే, ఎవరూ రాలేదు. ఆ మాటకు ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. కొత్త రేకు వేసేదాకా స్విచ్ నేను నొక్కను, మిమ్మల్నీ నొక్కనివ్వనన్నాను. రోగులు చీరాల పోవడం మొదలయ్యాకే గుంటూరు నుంచి రేకు తెప్పించారు.

మరియమ్మకు చెప్పక తప్పలేదు. "ఎంత పడిందన్నయ్యా నా మీద?" అంది. ఎంత పడిందో చెప్పే ఫిలిం బ్యాడ్జి నా చొక్కాకే ఉంది. ఆయాకు ఎందుకని ఆమెకు ఇవ్వలేదు.

ఆడపిల్ల పుట్టింది. బాగానే ఉంది. అయినా ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, పిల్లను ముందు నా దగ్గరికే ఎత్తుకొచ్చేది. "అదేనా అన్నయ్యా?"

"కాదమ్మా," అనేవాణ్ణి. నాకేం తెలుసని?

తర్వాత రేపల్లెలో చేరినప్పుడు, గది బయట కూర్చునే మనిషికీ బ్యాడ్జి ఇస్తేనే మిషన్ ముట్టుకుంటానన్నాను. కొలవకుండా ధైర్యం చెప్పడం కూడా అబద్ధమేనని నాకు ఆ పిల్ల జ్వరాలు నేర్పాయి.