ఐదూ పది దగ్గర ఆగిన పేజీ

2002 వేసవిలో ఒక దినపత్రిక తిరుపతి ఎడిషన్‌కు సిస్టమ్స్ ఇన్‌ఛార్జిగా వచ్చాను. జిల్లా పేజీలను సాయంత్రం ఆరింటికల్లా ముగించాలి. సబ్ ఎడిటర్లు పేజీలను సర్వర్‌లో సేవ్ చేసేవారు. అచ్చుకు వెళ్లే ఫిల్మ్ తీసే కంప్యూటర్ వాటిని అక్కడి నుంచి తెచ్చుకునేది. ఆపితే మళ్లీ లేస్తుందో లేదోనన్న భయంతో దాన్ని వారాల తరబడి ఆపేవాళ్లం కాదు.

ఆ జూన్‌లో తిరుచానూరు లాడ్జిలో దొంగతనం జరిగిన వార్త వచ్చింది. పేజీలో, ఫిర్యాదు చేసిన లాడ్జి గుమాస్తా పేరు నిందితుడిదిగా పడింది. ఫిల్మ్ తీశాక సబ్ ఎడిటర్ మునిరత్నం అది గమనించి, పేజీ దిద్ది, రెండో ఫిల్మ్ తీయించాడు. దిద్దిన పేజీయే కదా అని దాన్ని ఎవరూ చదవలేదు. తెల్లారి పేపర్లో తప్పు తప్పుగానే ఉంది.

గుమాస్తా పేపర్ పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. "దొంగను పట్టిచ్చినోణ్ణి నేను. నన్నే దొంగను చేసినారు గదప్పా. ఇంక కౌంటర్లో ఎట్ల కూసునేది?"

"నేను దిద్దినాను సార్. సేవ్ కూడా చేసినాను," అన్నాడు మునిరత్నం.

మేనేజర్ నన్ను నివేదిక అడిగారు. ఫిల్మ్ కంప్యూటర్ ముందు కూర్చుని చూశాను. పేజీని చివరిసారి మార్చిన సమయం 5.10. మునిరత్నం దిద్దానంటున్నది 5.50కి. చూసింది చూసినట్టు రాసిచ్చాను.

"కంప్యూటర్‌కు నీ మీద పగేం ఉండాదప్పా?" అన్నారు మేనేజర్ అతనితో. వారంలో అతని ఉద్యోగం పోయింది.

నెల తిరక్కుండా ఒక ప్రకటన విషయంలో అదే జరిగింది. ఈసారి నేరుగా సర్వర్‌లోనే చూశాను. అక్కడ కొత్త సమయం, ఫిల్మ్ కంప్యూటర్లో పాత సమయం. అందులో సర్వర్ ఫైళ్లను తెచ్చిపెట్టే చిన్న ప్రోగ్రామును డ్రైవర్ అంటాం. అది ఒకసారి చూసిన ఫైలు సైజు, సమయం గుర్తు పెట్టుకుని మళ్లీ సర్వర్‌ను అడగడం లేదు. ఏమీ మారలేదనుకుని తన దగ్గరున్న పాత ప్రతినే ఇస్తోంది. తెరిచిన ప్రతిసారీ అడిగేలా అందులో నాలుగు లైన్లు మార్చాను. తర్వాత మునిరత్నం పేజీని సర్వర్‌లో వెతికాను. సమయం 5.50. గుమాస్తా పేరు ఫిర్యాదుదారుగానే ఉంది.

రెండో నివేదిక రాశాను. మేనేజర్ చదివి, ఆ సీట్లోకి వేరే మనిషి వచ్చేశాడని చెప్పి, దాన్ని మొదటిదానికి పిన్ను కొట్టి ఫైల్లో పెట్టారు. మునిరత్నం అప్పటికే అలిపిరి దగ్గర చెప్పుల స్టాండులో టోకెన్లు ఇస్తున్నాడు. వెళ్లి విషయం చెప్పాను. చేతిలో పని ఆపకుండానే విన్నాడు.

"ఇప్పుడు టైము సరిగ్గా సూపిస్తాండాదా సార్?"

చూపిస్తోందన్నాను. "మంచిది," అని వరసలో తర్వాతి మనిషి చెప్పులు అందుకున్నాడు.

పదవీ విరమణ వరకు నేను రాసిన ప్రతి నివేదికలోనూ మొదటి వాక్యం, ఏ కంప్యూటర్ మీద చూశానన్నదే. ఆ రోజు తప్పు ఎక్కడుందో తేల్చమన్నప్పుడు, ఆ తప్పు ఉండే అవకాశమున్న యంత్రాన్నే సాక్ష్యం అడిగాను. రెండో చోట, సర్వర్‌లో, చూడడానికి పది అడుగులు నడిస్తే సరిపోయేది.