షహానియా దారిలో తోక ఊపిన ఇల్లు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. ఏడో తరగతి మధ్యలో బడి వదిలేసినవాడికి ఉండే పెద్ద సౌకర్యం అదే. తెలియనివి ఇంకా ఎన్ని ఉన్నాయో చెప్పే పంతులు ఎదురుగా ఉండడు. ఎవరు ఏమడిగినా 'తెల్సు' అనేవాణ్ణి. వంట వచ్చా అంటే తెల్సు, వెల్డింగ్ వచ్చా అంటే తెల్సు. ఖతర్‌లో విమానం దిగిన రోజు ఒక ఆఫీసరు అరబ్బీలో ఏదో అడిగితే, అదేమిటో అర్థం కాకపోయినా దానికీ తెలుసన్నట్టే తలూపాను. (మా ఊరివాళ్ళ లెక్కలో నేను దుబాయ్‌లో ఉన్నాను. ఖతర్ అని చెప్పి పంపితే, "అది దుబాయ్‌ల ఏ వాడకట్టురా" అని మా అవ్వ క్యాసెట్‌లో మాట నింపి పంపింది.) ఆ 'తెల్సు' అనే మాట వల్ల నేను చచ్చేంత పని ఒక్కసారే అయింది. ఆ ఒక్కసారి సంగతే ఇది.

చమురు డబ్బు పొంగిపొర్లుతున్న కాలం. అల్ ఘర్రాఫా అనే పేటలో ఒక అర్బాబు ఇంట్లో నేను డ్రైవర్ని. అక్కడ యజమానిని మేమందరం అర్బాబు అనే అంటాం. ఆ ఇంటి వంటవాడు నిజామాబాద్ వైపు మనిషి, నాకు చాచా. ఉర్దూలో దువా చేసి తెలంగాణ తెలుగులో తిట్టేవాడు, రెండూ నాకే. పన్నెండేళ్ళుగా ఆ వంటింట్లో ఉప్పు ఎక్కువైందన్న మాట పడనివాడు. నాకా డ్యూటీ ఇప్పించింది ఆయనే. చలికాలం వస్తే అక్కడి కుటుంబాలన్నీ ఎడారిలో డేరాలు వేసుకుని వారాల తరబడి ఉంటాయి. ఆ ఏడు మా అర్బాబు డేరాతో సరిపెట్టుకోక ఒక కారవాన్ కొన్నాడు. మంచం, పొయ్యి, కిటికీలకు పూల పరదాలు, అన్నీ ఉన్న చిన్న ఇల్లు. కింద చక్రాలు, ముందుకు పొడుచుకొచ్చిన ఒక ఇనుప నొగ. దాన్ని పికప్ వెనక ఉన్న ఇనుప గుండుకు తగిలించి లాక్కుపోవాలి.

"ఇలాంటిది ఎప్పుడైనా లాగావా?" అని అర్బాబు అడిగాడు. నేను నోరు తెరిచేలోపే చాచా గుండె మీద చెయ్యి వేసుకుని, వాళ్ళ ఊళ్ళో ట్రాక్టర్ ట్రాలీ నడిపాడు, నా పూచీ అని అరబ్బీలో చెప్పేశాడు. తర్వాత నావైపు తిరిగి మెల్లగా, "నడుపుతవు గదరా? పన్నెండేండ్ల ఇజ్జత్ నీ చేతుల పెట్టిన. వచ్చే నెల నేను సెలవు మీద ఇంటికి పోవాలె. ఇద్దరిని ఒక్కసారే పంపేటట్టు చెయ్యకు" అన్నాడు. తెల్సు చాచా, అన్నాను. ట్రాక్టర్ నడిపిన మాట నిజమే. ఊరి కుక్కలు కూడా వెంటపడి మొరగడానికి విసుక్కునేంత వేగంతో నడిపాను.

కారవాన్ తెచ్చిన షాపు పఠాన్ వెళ్ళేముందు వేలు చూపించి, బరువంతా ముందువైపు పెట్టు, వెనక పెట్టకు అని రెండుసార్లు చెప్పాడు. సరేనన్నాను. బియ్యం బస్తాలు, మైదా బస్తా, నీళ్ళ డబ్బాలు, జనరేటర్ అన్నీ ముందు భాగంలోనే సర్దాం. అప్పుడు బయటికి వచ్చి చూస్తే, అర్బాబు కొత్త పికప్ వెనక భాగం ఆ బరువుకు కొంచెం కిందికి కుంగింది. నా ప్రాణం ఉసూరుమంది. ఎడ్లబండి ఇంట్లో పుట్టినవాణ్ణి. కాడి బరువెక్కితే ఎద్దు మెడ పుండవుతుందని, బరువు వెనక్కి జరపాలని మా నాయన బండి నింపేటప్పుడు విన్నవాణ్ణి. ఈ పఠాన్‌కు ఎద్దుల సంగతి ఏం తెలుసు అనుకున్నాను. సామానంతా ఒక్కొక్కటే వెనక గోడ దాకా జరిపాను. పికప్ మెడ మీద బరువు తీసిన ఎద్దులాగా లేచి నిలబడింది. దాని వీపు తట్టాను కూడా.

ఇక కూర్చోవడం. పికప్‌లో రెండే సీట్లు. ఒకటి నాది. రెండోది అర్బాబు డేగది. పిల్లలు పొడుస్తారని దాన్ని తన కారులో ఎక్కించుకోకుండా నాకు అప్పగించి, ఆయన కుటుంబంతో ముందే వెళ్ళిపోయాడు. (డేగకు పేరుంది, అర్బాబు దాన్ని పేరుతోనే పిలిచేవాడు. నన్ను 'డ్రైవర్' అనేవాడు.) కళ్ళు మూసే తోలు టోపీ పెట్టుకుని అది కర్ర పీట మీద దొరలాగా కూర్చుంది. చాచా కాసేపు దాన్ని చూశాడు, కాసేపు నన్ను చూశాడు. "దానికున్న విలువ మనిద్దరికి కలిపినా లేదు. నేను ఇంట్ల పంటా, నువ్వు యల్లా, పోనియ్యి" అని కారవాన్ ఎక్కి వెనక మంచం మీద ఒరిగాడు. నడిచే కారవాన్‌లో మనిషి ఉండకూడదని అప్పుడు నాకు తెలియదు. తెలియదని కూడా తెలియదు.

ఊరు దాటేదాకా బాగానే ఉంది. ఎదురుగా ఎండ, రెండు పక్కలా ఇసుక. ఇంత సులువైన పనికి చాచా అంత భయపడ్డాడే అనుకుంటూ ఎనభై దాటించాను. షహానియా ఊరు ఇంకా కొంత దూరం ఉందనగా ఒక నీళ్ళ ట్యాంకర్ నన్ను దాటి రయ్యిన వెళ్ళింది. దాని గాలికి మా బండి ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నట్టయింది. తర్వాత ఎడమ అద్దంలో చూస్తే పూల పరదాలున్న కారవాన్ ఒకటి పక్కకు వస్తూ కనిపించింది. ఎవడో ఆ పక్కనుంచి నన్ను దాటాలని చూస్తున్నాడని కోపం వచ్చింది. రెండు క్షణాల్లో అదే కారవాన్ కుడి అద్దంలో కనిపించింది. వీడెవడు ఇంత తొందరలో ఉన్నాడు అనుకున్నాను. మళ్ళీ ఎడమవైపు వచ్చినప్పుడు, ఆ పరదాలు మావే అని గుర్తుపట్టాను.

కారవాన్ తోక ఎడమకు పోతే పికప్ మూతి కుడికి పోతోంది. అది కుడికి పోతే మేము ఎడమకు. ప్రతిసారీ ఊపు పెరుగుతోంది. స్టీరింగ్ ఎదురు తిప్పితే ఇంకా ఎక్కువైంది. బ్రేకు తొక్కితే వెనకనుంచి ఎవరో భుజంతో కుమ్మినట్టయి, చక్రాలు రోడ్డు అంచు దాటి ఇసుకను తాకి వచ్చాయి. వేగం పెంచితే తప్పించుకుంటానేమోనని ఒకసారి అదీ చేశాను. (దేన్నుంచి తప్పించుకుంటానో అడగకండి. అది నా నడుముకే కట్టి ఉంది.) ఎదురుగా దూరంలో ఒక లారీ. కారవాన్ లోపల చాచా ఉన్నాడు. సామానంతా ఆయన చుట్టూ ఉంది. ఆ సామాను అక్కడ పెట్టింది నేను. ఈ నాలుగు ముక్కలు తప్ప నా బుర్రలో ఇంకేమీ లేవు. పక్కన డేగ మాత్రం పెళ్ళికి పోతున్నట్టు నిమ్మళంగా ఊగుతోంది. దాని కళ్ళకు గంతలున్నాయి. నాకు లేవు.

ఆ తర్వాత నేను చేసిన పనిని ఉమ్ ఘువైలినా పేటలో, సెలవు రోజున మేం చేరే గదిలో మావాళ్ళు చాలాకాలం ధైర్యమని పొగిడారు. నిజం ఇప్పుడు చెబుతున్నాను. భయానికి నా కాలు చచ్చుబడింది. బ్రేకు మీదికీ పోలేదు, యాక్సిలరేటర్ మీదా ఉండలేదు, గాలిలో వేలాడింది. చేతులు స్టీరింగ్ మీద కర్రల్లా బిగుసుకుపోయాయి, ఎటూ తిప్పలేవు. బండి నేరుగా, తనంతట తానే వేగం తగ్గుతూ పోయింది. అరవై. యాభై. ఊపు సన్నగిల్లింది. లారీ హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి వెళ్ళిపోయింది. నలభై. కారవాన్ బుద్ధిగా వెనకాలకు వచ్చి నిలబడింది. అలాంటప్పుడు చేయవలసింది సరిగ్గా అదేనని, అంతకుమించి ఏమీ చేయకూడదని చాలా ఏళ్ళ తర్వాత ఒక ట్రైలర్ డ్రైవర్ నాకు చెప్పాడు, నేను చాచాకు చెప్పాను. నేను అప్పటికే పాస్ అయిన పరీక్ష అన్నమాట, చదవకుండానే.

ఇసుకలో ఆపి దిగాను. కారవాన్ తలుపు దగ్గరికి పది అడుగులు. అంత దూరం నేను ఎన్నడూ నడవలేదు. చాచా అని పిలిచాను. పలకలేదు. దూరంగా ఒంటెలు నడుస్తున్నాయి. మళ్ళీ పిలిచాను. తలుపు తీయడానికి చెయ్యి రాక, ఎవరింటికో చుట్టం వచ్చినట్టు తలుపు తట్టాను. లోపల దగ్గు వినిపించింది. తలుపు దానంతట అదే తెరుచుకుంది. తల నుంచి కాళ్ళ దాకా మైదా పూసుకుని, నీళ్ళ డబ్బాను బిడ్డలాగా ఒళ్ళో పట్టుకుని చాచా కూర్చున్నాడు. రెండు కళ్ళు మాత్రం నల్లగా ఉన్నాయి.

"ఆగిందా?" అన్నాడు.

"ఆగింది చాచా."

"నాకైతే ఇంకా ఆగలే."

నేను అక్కడే ఇసుకలో కూలబడ్డాను. "చాచా, నాకు తెల్వదు" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట నా నోట రావడం అదే మొదలు.

"ఏం తెల్వదు?"

"ఇది నడుపుడు."

"అది నాకు ఎర్కే బేటా. ఇప్పుడే ఎర్కైంది." కనుబొమ్మల మీది పిండి దులుపుకుంటూ కిందికి దిగాడు. సామానంతా వెనక గోడకు కుప్పపడి ఉండటం చూపించి, "ఇదంత ముంగట ఉండె గద. ఎక్కినప్పుడే అడుగుదామనుకున్న, ఎన్కకు ఎట్ల నడిచొచ్చింది?" అన్నాడు. ఎద్దు మెడ సంగతి చెప్పాను. చాచా వంగి నొగను ఒకసారి చూశాడు. తర్వాత, "మీ నాయన బరువంత ఎన్కకే వేసేటోడా? కాడి లేవకపోవునా?" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. మా నాయన బండి నింపాక కాడి కింద రెండు వేళ్ళు పెట్టి లేపి చూసేవాడు. మరీ బరువైతే కొంత వెనక్కి జరిపేవాడు. మరీ తేలికైతే, "ఇట్లైతే ఎద్దు బండిని గుంజదురా, బండే ఎద్దును లేపుతది" అంటూ మళ్ళీ ముందుకు జరిపేవాడు. ఆ మొదటి ముక్క విని రెండోది పూర్తయ్యేలోపు నేను చింతకాయలకు పరుగెత్తి ఉంటాను. బడిలో ఎంత చదివానో బండి దగ్గరా అంతే చదివాను.

ఇద్దరం కలిసి మళ్ళీ అంతా ముందుకు మోశాం. పికప్ నడుము కుంగింది. ఈసారి దానిమీద జాలిపడలేదు. చాచా ఇక కారవాన్ మొహం చూడనన్నాడు. డేగ పీటను ఒళ్ళో పెట్టుకుని సీటెక్కి, నలభై దాటితే దూకుతానని బెదిరిస్తూ కూర్చున్నాడు. క్యాంప్ చేరేసరికి పొద్దు వాలింది. అర్బాబు ముందు డేగను చూశాడు, తర్వాత కారవాన్‌ను, తర్వాత తెల్లటి చాచాను చూసి, ఇంత ఆలస్యమేమిటన్నాడు. నా గుండె మళ్ళీ అటూ ఇటూ ఊగింది. చాచా మళ్ళీ గుండె మీద చెయ్యి వేసుకుని, మైదా బస్తా నా చేతుల్లో పగిలింది, కుర్రాడు జాగ్రత్తగా నడుపుతాడు, అందుకే ఆలస్యం అన్నాడు. అర్బాబు నా భుజం తట్టి, మంచి డ్రైవర్ అన్నాడు. ఆ పుణ్యాన ప్రతి చలికాలం ఆ ఇల్లు లాగే డ్యూటీ నాకే పడింది. ప్రతిసారీ కొండి తగిలించే ముందు నొగ కింద రెండు వేళ్ళు పెట్టి లేపాలని చూసేవాణ్ణి. అది ఇనుము, రెండు వేళ్ళకు లేవదు. లేవలేదంటేనే నాకు నిమ్మళం.

ఇప్పుడు నేను జగిత్యాల బస్సులో కిటికీ పక్కన కూర్చుని పోతుంటాను. ముందు ఏ ట్రాలీ అయినా వెనక బరువుతో తోక ఊపుతూ కనిపిస్తే, ఎవరూ చెప్పకుండానే నా కుడికాలు పైకి లేస్తుంది. "చెప్పు జారిందా?" అని మా ఆవిడ అడుగుతుంది. లేదంటాను. చాచాకు ఇప్పుడు ఎనభై దాటింది. ఇంటి అరుగు దిగడానికి కూడా చేతికర్ర కావాలి. ఫోన్ చేసినప్పుడల్లా, బాగున్నావా అని అడగను.

"ఆగిందా చాచా?" అంటాను.

ప్రతిసారీ ఒకే జవాబు చెబుతాడు.

"ఇంక జరంత ఊగుతనే ఉన్నది బేటా. నువ్వైతే కాలు తియ్యి."