అక్క మార్చిన రూట్ షెల్

చిన్నప్పుడే పోలియో వచ్చి నా కుడి చెయ్యి పడిపోయింది. ఎవరైనా జాలి చూపిస్తే నాకు ఒళ్ళు మండేది. తొంభైల మొదట్లో రామంతాపూర్ నుంచి బస్సెక్కి నాచారంలో పంపుల ఫ్యాక్టరీకి వెళ్ళేదాన్ని. అక్కడ కంప్యూటర్ గదిలో ఎడమ చేత్తో టైపు చేస్తూ కుదురుకున్నాను. ఆ కంప్యూటర్ మిషన్ బాధ్యత చూసే సీనియర్‌ను అక్కా అని పిలిచేదాన్ని, ఆమెకు నెలలు నిండుతున్నాయి. ఆమె కాన్పు సెలవులో నేను నెగ్గుకొస్తే ఉద్యోగం ఖాయం, లేకుంటే వేరే మనిషిని పెట్టుకుంటానని మేనేజరు తేల్చి చెప్పేశాడు.

యునిక్స్‌లో మనం టైపు చేసిన కమాండ్‌ను అందుకొని పని చేయించే ప్రోగ్రామ్ షెల్. మా మిషన్లో ఉన్నది పాతకాలపుది. ఒక్క అక్షరం తప్పితే బారెడు కమాండ్ మళ్ళీ మొదటినుంచి కొట్టుకోవాలి. కొత్త షెల్ అయితే మీట నొక్కగానే ఇందాకటి కమాండ్‌ను తెచ్చి పెడుతుంది. అక్క ఒక పొద్దున రాగానే, రూట్‌కు, అంటే మిషన్ మొత్తం మీద పెత్తనమున్న లాగిన్‌కు, షెల్ మార్చుదామంది.

"నా కోసమైతే వద్దక్కా," అన్నాను పెడసరంగా.

"గా ముచ్చట తర్వాత. ఇటు కూసో."

ఏ లాగిన్‌కు ఏ షెల్లో రాసి ఉండే పాస్‌వర్డ్ ఫైలుకు ముందే ఒక నకలు తీసింది. తన టెర్మినల్లో రూట్‌గా ఉండి, ఆ ఫైల్లో కొత్త షెల్ పేరు కొట్టింది.

"ఇప్పుడు నువ్వు పక్క టెర్మినల్ల రూట్‌గ లాగినై సూడు. అది సక్కగ వచ్చేదాక నేను ఇందులకెళ్ళి బయటికి రాను."

పాస్‌వర్డ్ కొట్టాను. లోపలికి రానివ్వలేదు. అక్క అప్పటికే లాగౌట్ అయ్యుంటే రూట్‌లోకి వెళ్ళే దారే మూసుకుపోయేది. ఆమె మాత్రం నిదానంగా ఫైలు చూసింది. షెల్ పేరు చివర ఒక స్పేస్ ఎక్కువ పడింది. దాన్ని తీసేసి, మళ్ళీ చూడమంది. ఈసారి వచ్చింది. రోజూ లెక్కలన్నిటికీ నకలు తీసే బ్యాకప్ కమాండ్ ఒకసారి కొట్టి, ఆపైన మీట నొక్కాను. అంత పొడుగుదీ చెక్కుచెదరకుండా తిరిగొచ్చింది. చిన్నపిల్లలా నవ్వాను.

అంతలో మేనేజరు వస్తే, షెల్ మార్చామని అక్క చెప్పింది. "బాగానే నడుస్తోంది కదమ్మా, ఎందుకు కదిపారు?"

నాకు చేతకాకే మార్చారని తెలిస్తే అంతే సంగతులు.

"నా కోసమే సార్," అంది అక్క. "నెలలు నిండినయ్ గద, వేళ్ళు ఉబ్బుతున్నయ్. మల్ల మల్ల టైపు జేసుడు నాతోని అయితలేదు."

ఆయన తలూపి వెళ్ళిపోయాడు. అక్క వేళ్ళు సన్నగానే ఉన్నాయి, ఉంగరం వదులై తిరుగుతోంది. ఆమె మీద నాకు ఎంత ప్రేమ పొంగుకొచ్చిందో చెప్పలేను. ఆ చెయ్యి పట్టుకున్నాను.

"ఏందే గట్ల సూస్తవ్," అంది. "రేపటి సంది బ్యాకప్ నువ్వే తియ్యాలె."