పైవాటా పిల్ల మీద తీర్పు

ఆ ఇంటి వాచ్‌మన్‌ని అద్దెకున్నవాళ్లంతా జడ్జిగారనే పిలిచేవారు. జీతం వాచ్‌మన్‌దే, హోదా మాత్రం జడ్జిది. ఆ హోదా ఇంటి యజమాని పిసినారితనం వల్ల దక్కింది. ఉన్న ఒక్క ఇంటినీ అడ్డగోడలతో ముక్కలు చేసి వాటాలకింద అద్దెకిచ్చిన ఆ మహానుభావుడు, ఇటుక కలిసొస్తుందని గోడలన్నీ అప్పడాల్లా కట్టించాడు. గోడలకు చెవులుంటాయంటారు. అక్కడి గోడలకు నోళ్లు కూడా ఉండేవి. ఒక వాటాలో తుమ్మితే పక్క వాటాలోంచి "జలుబు చేసిందా?" అని పలకరింపు వచ్చేది.

ఇక తగాదాలకేం కొదవ? మిక్సీ మోతని ఒకరు, రేడియో గోలని ఒకరు అతని దగ్గరికే వచ్చేవారు. అతను మిక్సీ కింద గోనెపట్టా మడతపెట్టించేవాడు, రేడియోని ఇవతలి గోడనుంచి అవతలి గోడకి మార్పించేవాడు. ఫిర్యాదు చేసిందెవరో మాత్రం చచ్చినా చెప్పేవాడు కాదు. "పేరు చెబితే చప్పుడు తగ్గదు, పగ పెరుగుతుంది" అనేవాడు. మాట నిజమే. కానీ నలుగురూ జడ్జిగారూ జడ్జిగారూ అంటుంటే ఎవరికైనా కాస్త తలకెక్కుతుంది. అతనికీ ఎక్కింది.

ఒకరోజు కింద వాటా పెద్దాయన వచ్చాడు. రిటైరైన టైపిస్టు, నిద్ర తక్కువ మనిషి.

"తెల్లారకముందే నా నెత్తిమీద దబదబా ఒకటే బాదుడయ్యా. పైన ఆ పిల్ల గెంతుతోందనుకుంటా. మళ్లీ కన్ను మూతపడితే ఒట్టు."

పైవాటాలో ఉండేది ఒక బస్సు కండక్టరమ్మ. మొదటి బస్సు డ్యూటీ కావడంతో చీకటితోనే వెళ్లిపోయేది. ఇంట్లో మిగిలేది చెవులు వినపడని తల్లి, ఒకటో తరగతి చదివే కూతురు. ముసలామె ఎలాగూ గెంతదు, మిగిలింది పిల్లే కదా అనుకున్నాడు జడ్జి. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, ఆ చప్పుడేదో ఒక్కసారి తన చెవులతో వినకుండానే సాయంత్రం పైకెళ్లి తీర్పు చెప్పేశాడు.

తల్లి కొంగు పట్టుకుని నిలబడ్డ పిల్ల అంది, "నేను గెంతలేదు మావయ్యా. అప్పుడు నిద్రపోతుంటాను."

"అయితే నిద్రలో గెంతుతున్నావన్నమాట" అని నవ్వాడు జడ్జి. కండక్టరమ్మ నవ్వలేదు. కూతురి వంక ఒక చూపు చూసి, "ఇకమీద చప్పుడు రాదన్నయ్యా" అంది.

చప్పుడు మాత్రం ఆగలేదు. పెద్దాయన మళ్లీ వచ్చాడు, జడ్జి మళ్లీ మెట్లెక్కాడు. ఈసారి గొంతు పెంచాడు. "ఇలాగైతే ఓనరుకి చెప్పాల్సొస్తుందమ్మా. ఖాళీ చెయ్యమంటే నన్ననకు." ఆమె మొహం పాలిపోయింది. డిపోకి నడిచి వెళ్లేంత దూరంలో ఆమెకి ఇంకో ఇల్లు దొరకడం కల్ల.

అప్పటికీ ఫిర్యాదు ఆగకపోయేసరికి, పిల్లని చేస్తుండగానే పట్టుకుందామని బయల్దేరాడు. ఆ వేళకి రోజూ అతను పెరట్లో ఓ మూలనున్న గదిలో నీళ్ల మోటారు వేస్తుంటాడు. ఆ పని పెళ్లానికి అప్పగించి, పిల్లిలా మెట్లెక్కి పైవాటా కిటికీలోంచి తొంగి చూశాడు. అమ్మమ్మ పక్కన పిల్ల నోరు తెరుచుకుని ఆదమరిచి నిద్రపోతోంది.

కింద పెళ్లాం మోటారు వేసింది. అతని మోకాలి పక్కనే గోడమీది గొట్టం ఒక్కసారి ఉలిక్కిపడి దబదబా గోడని బాదడం మొదలుపెట్టింది. చెయ్యి వేస్తే చెయ్యి అదిరింది. గొట్టాన్ని గోడకి బిగించే ఇనపపట్టీ అక్కడ లేదు. ఉండదు మరి. సున్నం వేసేటప్పుడు దాన్ని ఊడదీసింది అతనే, తర్వాత బిగిద్దాంలే అనుకుని మరిచిపోయిందీ అతనే. చప్పుడు వచ్చే వేళకి ఎప్పుడూ మోటారు హోరులోనే ఉంటాడు కనుక అది అతని చెవినపడే అవకాశమే లేదు.

ఆ పూటే పట్టీ బిగించేశాడు. చప్పుడు పోయింది. తేలుకుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

మర్నాడు పెద్దాయన భుజం తట్టి, "బాగా గడ్డిపెట్టావయ్యా, హాయిగా నిద్రపోయాను" అన్నాడు. ఆ మెప్పు అతనికి ముల్లులా గుచ్చుకుంది. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన కండక్టరమ్మ మెట్ల దగ్గర ఆగి, "ఓనరుదాకా పోనివ్వలేదు, నీ రుణం ఉంచుకోనన్నయ్యా. ఇప్పుడు బుద్ధిగా ఉంటోంది" అంది. ఆమె వెనక పిల్ల మునివేళ్లమీద మెట్లెక్కుతోంది. మడమ ఆనితే పాపమన్నట్టు ఎక్కుతోంది. ఆ రాత్రి అతను జరిగిందంతా పెళ్లానికి చెప్పాడు.

సంగతి విన్న పెళ్లాం, "పోయేది జడ్జిగిరీయేగా, పోనీ. వెళ్లి చెప్పు" అంది. అతను మాత్రం వెళ్లలేదు. పేరు పోతుందన్న భయమే కాదు, ఆ తల్లి మొహం ఎలా చూడాలన్న సిగ్గు. ఇంకో రెండు రోజులు పిల్ల నడక చూశాక ఇక ఉండలేకపోయాడు. ముందు పెద్దాయనకి చెప్పి, ఆయన వాటాలోంచే తిన్నగా పైకి వెళ్లాడు.

"తప్పు నాదమ్మా. గొట్టం పట్టీ నేనే ఊడదీసి మరిచిపోయాను. చప్పుడు దానిదే. పిల్లది కాదు. ఆ వేళకి పిల్ల నిద్రపోవడం నేను కళ్లారా చూశాను."

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె బట్టలు మడతపెడుతున్నదల్లా ఆగిపోయి, గోడవారన బొమ్మలు వేసుకుంటున్న కూతురి వైపే చూస్తూ ఉండిపోయింది.

"చప్పుడు చేసిందని నేను దాని మీద చెయ్యి చేసుకోలేదన్నయ్యా" అంది. "నిద్రపోతున్నానని అబద్ధమాడుతోందని కొట్టాను. ఒప్పుకుంటే వదిలేస్తానన్నాను. ఎంత కొట్టినా ఒప్పుకోలేదు."