సొరంగం కప్పు బోలుగా పలికిన రోజు

"మా అన్నయ్యని మింగిన గనిని టికెట్టు పెట్టి చూపిస్తావా? సిగ్గులేదూ వదినా?" అని ఆడపడుచు ఒకసారి ముఖానే అడిగిందట. "ఇంటద్దె నువ్వు కడతానంటే ఇవాళే మానేస్తా, అమ్మాయ్," అందట కర్రక్క. ఆడపడుచు మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

గని మూతబడిన ఆ పాత ఊళ్ళో, చూడవచ్చినవాళ్ళను తిప్పి చూపించడం ఆమె ఉద్యోగం. కొసకు ఇనుప పొన్ను తొడిగిన కర్రను చేతిలోంచి వదలదు కాబట్టి అందరికీ కర్రక్క. మేం ముప్పైమందిమి బస్సు దిగగానే పనివాళ్ళ ఇరుకిళ్ళు, ఆ తర్వాత స్నానాల గది చూపించింది. గది కప్పునుంచి గొలుసులకు కొక్కేలు వేలాడుతున్నాయి.

"బట్టలు తగిలించి పైకి లాగేసేవాళ్ళు. కింద పెడితే మసి అంటుతుంది, పక్కన పెడితే స్నేహితుడు ఎత్తుకుపోతాడు."

మాలో ఒక రిటైర్డ్ లెక్చరర్ కళ్ళు తుడుచుకుని, కార్మికుల త్యాగానికి నిమిషం మౌనం పాటిద్దామన్నారు.

"త్యాగమేమిటండీ, జీతానికి దిగారు. కప్పు బాలేదని మావారు మొత్తుకుంటే ఆఫీసరు పాటించాడు మౌనం. అది చాల్లెండి."

సొరంగంలోకి దిగేముందు కర్రతో కప్పును తట్టి వినడం గనివాళ్ళ పద్ధతి. గట్టి రాయి ఖంగుమంటుంది. పొర విడిచిన రాయి బోలుగా పలుకుతుంది. గుమ్మం దగ్గర ఆమె తట్టింది. ఖంగుమంది. రెండడుగులు లోపలికి వేసి తట్టింది. బోలుగా పలికింది. మళ్ళీ తట్టి, కర్ర దించేసింది.

"ఇవాళ లోపలికి లేదు."

టికెట్ల మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "పోయిన నెలేగా ఇంజనీరు చూసి బాగుందన్నాడు!"

"పోయిన నెల బాగుంది."

"ఇంతమందికి డబ్బు వెనక్కెవరిస్తారు? మీ తాతా?"

"మా తాతా ఇందులోనే పోయాడు. నేనిస్తాలే."

"ఇంతదూరం వచ్చాం కదమ్మా, గబగబా చూసొచ్చేస్తాం," అన్నారు లెక్చరర్‌గారు. త్యాగం మీద మోజు అప్పటికే తీరినట్టుంది. ఆమె గుమ్మానికి అడ్డంగా చతికిలబడింది.

"నన్ను దాటి వెళ్ళండి."

ఎవరూ దాటలేదు. మధ్యాహ్నం ఆమె ఇంటికెళ్ళి, అద్దెకోసం దాచిన డబ్బు తెచ్చి, అందరికీ టికెట్టు ఖరీదు చేతిలో పెట్టింది.

ఆ కప్పు ఆ రోజు కూలలేదు. ఆ తర్వాతా కూలలేదు. కూలివుంటే ఆమెను మెచ్చుకోవడం అందరికీ తేలికయ్యేది. కూలకపోయినా, ఆ తర్వాత రోజుల్లోనూ ఆమె కర్రతో తట్టి, ఖంగుమని వినబడ్డాకే తలుపు తీసింది. నాకు గౌరవం అందుకే.

"ఏమీ కాలేదుగా, ఆ డబ్బు ఆఫీసెందుకిస్తుంది?" అంటాడు మేనేజరు. ముప్పై టికెట్ల డబ్బు ఆమెకు ఇంకా రావాలి.