ముసలవ్వ కట్టెలు

తమ్ముడింట్లో హీటరు వేసినప్పుడల్లా కాలిన దుమ్ము వాసన కొడుతుంది. పొగ లేదు, బూడిద లేదు, ఊదే పని లేదు. అదీ ఒక మంటేనా అని నాకు విసుగు.

కోటగిరి దగ్గరి మా ఊళ్లో చలికాలమంటే నాకు మొదట గుర్తొచ్చేది ముసలవ్వ కట్టెలే. ఆమె మా బాపు తల్లి, మాకు నాయనమ్మ. మా తాత ముసురులో పోతే, తడికట్టెలు అంటుకోక, గ్యాసునూనె పోసి పోసి సగమే కాల్చి వచ్చారట. అప్పుడే తన చితి కోసమని ఎండిన తుమ్మమొద్దులు ఇంటి ముందు గోడకు ఆనించి వేసిన సాయమాను కప్పు కింద పేర్పించుకుంది. ఏటా చలికాలం వాటిని మాచేతే ఎండలోకి మోయించి, చెద దులిపించి, మళ్లీ పేర్పించేది. ఒక్క పుల్ల తగ్గినా ఇల్లు పీకి పందిరేసేది. మేమేమో పెదవులు పగిలి, చేతులు పొట్టు లేచి, పచ్చి కొమ్మలూ ఎండిన చెరుకాకూ కాల్చుకొని బతికాం: ఆకు భగ్గున మండి ఆరిపోయేది, కొమ్మలు చుయ్‌మంటూ కళ్లమంట పెట్టేవి, జొన్నరొట్టె విరిచి నోట్లో పెట్టుకునేలోపే చల్లారేది. పక్కనే అంత ఎండుకట్టె ఉండగా! చూస్తుంటే ఒళ్లు మండేది నాకు.

ఒక పుష్యమాసంలో తమ్ముడు పుట్టాడు, ఎలుకపిల్లంత. ఒళ్లు చల్లబడి పాలు తాగడం మానేశాడు. కుంపట్లో పచ్చికట్టె వేస్తే గదంతా పొగ, వాడికి దగ్గు. పొగలేని నిప్పు పెట్టకపోతే పిల్లాడు దక్కడని మంత్రసాని తెగేసి చెప్పింది. బాపు ఆ మొద్దుల వంకే చూస్తాడు. కన్నతల్లిని చావుకట్టెలు ఎలా అడుగుతాడు? నాకు ఆయన మీదా కోపమే, ఆమె మీదా కోపమే.

చివరికి ముసలవ్వే లేచి పై మొద్దు కిందికి లాగింది.

"సూస్తవేందిరా, గొడ్డలి తే. పుట్టుడుతోటే నా కట్టెలకు ఎసరు పెట్టిండు వీడు."

శివరాత్రికల్లా సాయమాను ఖాళీ, తమ్ముడు బొద్దుగా తయారు. ఆమె ఆ వానాకాలమే, తాత లాగే ముసురులో పోయింది. ఊళ్లో ఎండుకట్టె ఎక్కడా దొరకలేదు. బాపు ఎవరికీ చెప్పకుండా సాయమాను ఎక్కి, కప్పు విప్పి, వాసాలన్నీ పీకి బండికెత్తాడు. ముసలవ్వ పూర్తిగా కాలింది. మరుసటి చలికాలం సాయమాను అడ్డం లేక ఈదురుగాలి నేరుగా మా దుప్పట్లలోకే వచ్చింది. ఎవరిని తిట్టాలో కూడా తెలియలేదు.

ఇప్పుడా ఇల్లు లేదు, కుంపటి లేదు, గట్ల మీద తుమ్మలూ లేవు. తమ్ముడు మాత్రం రెండు శాలువలు కప్పుకొని, హీటరుకు అరికాళ్లు చూపించుకుంటూ, ఏటేటా ఇదే మాట అంటాడు:

"మన సిన్నప్పుడు గింత సలి లేకుండె గదక్కా."