ఆయన ఇవ్వని నీళ్లు

మైపాడు ఒడ్డున మా రొయ్యల కంపెనీ మేనేజర్లకు రెండు రోజులు శిక్షణ జరిగింది. ప్రపంచ దేశాలు పెట్టుకున్న సుస్థిర అభివృద్ధి లక్ష్యాలకు తగ్గట్టు నాయకత్వం ఎలా మారాలో చెప్పారు. అక్కడ ఇచ్చిన ఫైలు ఒళ్లో పెట్టుకుని నెల్లూరు బస్సెక్కాను. ఎండకు నాలుక పిడచకట్టుకుపోతోంది. పక్క సీట్లో పెద్దాయన సీసా ఎత్తి తాగుతుంటే, కాసిని నీళ్లిమ్మని అడిగాను.

ఆయన మూత బిగించి సీసాను కాళ్ల మధ్య పెట్టుకున్నారు. ఈ పల్లెల్లో దాహమంటే లేదన్నవాళ్లను నేను చూడలేదు. చిన్నబుచ్చుకున్నాను.

"ఇయ్యి నువ్వు తాగేటియి కాదు సామీ. మా బావి నీళ్లు, ఉప్పు," అన్నారు.

"మరి మీరు తాగుతున్నారే?"

"మా పల్లెలో బావి తవ్వితే తొలి చెంబు ఊరి పెద్ద తాగాల. ఆయన బాగుండాయంటేనే ఊరు తాగతాది. ఆ బావికి తొలి చెంబు తాగినోణ్ణి నేనే. పక్కన రొయ్యల గుంటలు తవ్వుకోమని సరే అన్నిందీ నేనే. ఆ గుంటల ఉప్పు బావిలోకి దిగింది. ఇప్పుడు ఊరంతా క్యాన్ నీళ్లు తాగతా ఉంది. నాకు ఆ క్యాన్ నీళ్లు గొంతు దిగవు."

ఎవరి గుంటలని నేను అడగలేదు. ఫైలు మీది మా కంపెనీ రొయ్య బొమ్మను ఆయన చూశారు. సీసా తీసుకుని ఇందుకూరుపేటలో దిగిపోయారు.

ఇప్పుడు ఆ శిక్షణ నేనే ఇస్తున్నాను. బల్ల మీద అందరి ముందూ మంచినీళ్ల సీసాలుంటాయి. మాట్లాడి గొంతెండినా నా సీసా మూత తీయడానికి చెయ్యి రాదు. మా గుంటల పక్క బావి నీళ్లు మాత్రం ఇంతవరకు ఒక్క గుక్క తాగి చూడలేదు.